పద్నాలుగేళ్లు దాటితే హక్కులు ఆగిపోతాయా?

ఇంటర్ విద్యార్థి హాస్టల్ గది దాకా రాజ్యాంగాన్ని తీసుకెళ్లిన తీర్పు ఒకటి విశాఖపట్నం కేసులో వచ్చింది. ఆ తీర్పు ఎందుకు అవసరమైందో తెలియాలంటే ముప్పై ఏళ్లకు పైగా వెనక్కి వెళ్లాలి. ముందు ఒక కుర్రాడి కథ.

2024 జూన్ 24, సోమవారం. ఉత్తరప్రదేశ్‌లోని ముజఫర్‌నగర్ జిల్లా టిటోరా గ్రామం. సాయంత్రం ఐదు గంటల లోపు 17,500 రూపాయలు కట్టాలి. కడితే ధన్‌బాద్ ఐఐటీలో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ సీటు ఆ ఇంటి కుర్రాడిది. కట్టలేకపోతే చేజారినట్టే. తండ్రి సంపాదన రోజుకు 450 రూపాయల కూలి. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్న దళిత కుటుంబం.

అప్పు పుట్టించి డబ్బు సర్దేసరికి నాలుగూ ముప్పావు అయింది. కుర్రాడు పోర్టల్ తెరిచి పత్రాలు ఎక్కించడం మొదలుపెట్టాడు. ఫీజు కట్టే చోటికి చేరేసరికి ఐదైంది. పోర్టల్ మూసుకుపోయింది. జేఈఈ అడ్వాన్స్‌డ్‌ను రెండుసార్లే రాయనిస్తారు. అతనికి అది రెండోసారి.

అక్కడి నుంచి జాతీయ ఎస్సీ కమిషన్‌కు, జార్ఖండ్ న్యాయసేవల సంస్థకు వెళ్లాడు. ఆ ఏడాది పరీక్ష నిర్వహించింది ఐఐటీ మద్రాస్ కాబట్టి మద్రాసు హైకోర్టు తలుపూ తట్టాడు. చివరికి సుప్రీంకోర్టుకు చేరాడు. ఫీజు గడువు గురించి ముందే సందేశాలు పంపామని అధికారులు వాదించారు. ప్రతిభ ఉన్న ఇలాంటి పిల్లవాణ్ని వదులుకోలేమని అప్పటి ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ డి.వై. చంద్రచూడ్ నేతృత్వంలోని ధర్మాసనం సెప్టెంబరు 30న తేల్చిచెప్పింది. సంపూర్ణ న్యాయం కోసం రాజ్యాంగంలోని 142వ అధికరణం ఇచ్చిన అధికారాన్ని వాడి, మరొకరి సీటుకు నష్టం రాకుండా అదనపు సీటు సృష్టించి, అతన్ని అదే బ్రాంచిలో చేర్చుకోమంది.

కౌన్సెలింగ్ గడువుల భయం తెలిసిన మన ఇళ్లలో ఈ వార్త చదివి ఊపిరి పీల్చుకోని వాళ్లుండరు. అయితే అది ఒక్క పిల్లవాడి కోసం వచ్చిన తీర్పు. అతనిలా మూడు నెలలపాటు పట్టు విడవకుండా తిరగలేక ఇంటికే పరిమితమైన వాళ్ల పేర్లు ఏ తీర్పులోనూ ఉండవు. పిల్లలందరికీ ఒకేసారి వర్తించే తీర్పులు వేరు. 2025 జూలై 25న అలాంటిది ఒకటి వచ్చింది. కోచింగ్ సెంటర్లు, కార్పొరేట్ కాలేజీలు, హాస్టళ్ల గురించి ఇప్పుడు నడుస్తున్న చర్చకు మూలం అదే.

విశాఖ నుంచి ఢిల్లీకి

పశ్చిమ బెంగాల్‌కు చెందిన పదిహేడేళ్ల అమ్మాయి నీట్ కోచింగ్ కోసం విశాఖపట్నం వచ్చింది. 2023 జూలైలో తానుంటున్న హాస్టల్ భవనం పైనుంచి పడి ప్రాణాలు కోల్పోయింది. ఆత్మహత్య అన్నారు పోలీసులు. తండ్రికి ఆ మాట మింగుడు పడలేదు. దర్యాప్తులో పొంతన లేని విషయాలున్నాయనీ, కేసును సీబీఐకి ఇవ్వాలనీ ఆంధ్రప్రదేశ్ హైకోర్టును కోరారు. 2024 ఫిబ్రవరిలో హైకోర్టు కాదంది. ఆయన సుప్రీంకోర్టుకు వెళ్లారు.

బిడ్డను పోగొట్టుకున్న తండ్రి, భాష రాని రాష్ట్రం, రెండేళ్లపాటు కోర్టులు, వాయిదాలు. ఆ ఓర్పు ఎంతటిదో ఊహించడమే కష్టం. జస్టిస్ విక్రమ్‌నాథ్, జస్టిస్ సందీప్ మెహతాల ధర్మాసనం కేసును సీబీఐకి అప్పగించింది. అంతటితో ఊరుకోలేదు. ఇది ఒక్క కుటుంబం విషాదం కాదంటూ దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ పదిహేను ఆదేశాలిచ్చింది. స్కూళ్లు, కాలేజీలు, యూనివర్సిటీలు, కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు అన్నీ వాటి పరిధిలోకి వస్తాయి. ప్రభుత్వాలు చట్టం చేసేదాకా ఈ ఆదేశాలే చట్టంతో సమానం. మరింత జాగ్రత్త అవసరమైన కోచింగ్ కేంద్రాలుగా కోర్టు పేర్కొన్న నగరాల్లో కోటా, జైపూర్, చెన్నై, ఢిల్లీలతో పాటు హైదరాబాద్ కూడా ఉంది.

కోర్టు ముందున్న లెక్కలు చదివితే గుండె బరువెక్కుతుంది. జాతీయ నేర రికార్డుల బ్యూరో ప్రకారం 2022లో దేశంలో ప్రాణాలు తీసుకున్న విద్యార్థులు 13,044 మంది. పరీక్ష తప్పడమే కారణంగా నమోదైన మరణాలు 2,248.

మానసిక ఆరోగ్యం జీవించే హక్కులో విడదీయరాని భాగమని కోర్టు అన్నది. తీర్పుకు పునాది 21వ అధికరణం. పైకి ఇది మామూలు మాటలాగే కనిపిస్తుంది. కానీ కోర్టు విద్యాహక్కును కాక జీవించే హక్కును పట్టుకోవడంలోనే ఈ తీర్పు బలమంతా ఉంది.

> తీర్పు ఏం చేయమంది?
>
> నూరు మంది లేదా అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హత గల కౌన్సెలర్ కనీసం ఒకరు ఉండాలి. చిన్న సంస్థలైతే బయటి నిపుణులతో ఏర్పాటు చేసుకోవాలి.
>
> మార్కుల ఆధారంగా పిల్లల్ని బ్యాచ్‌లుగా విడదీయడం, అందరి ముందు అవమానించడం, శక్తికి మించిన లక్ష్యాలు పెట్టడం మానుకోవాలి.
>
> టెలి మానస్ వంటి మానసిక ఆరోగ్య సహాయ కేంద్రాల నంబర్లు హాస్టళ్లలో, తరగతుల్లో, వెబ్‌సైట్లలో పెద్ద అక్షరాలతో కనిపించాలి.
>
> బోధన సిబ్బందికీ, మిగతా సిబ్బందికీ ఏడాదికి కనీసం రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి.
>
> వేధింపులు, ర్యాగింగ్, వివక్షపై ఫిర్యాదులు తీసుకునే ఏర్పాటు ఉండాలి. ఫిర్యాదు చేసిన వారిపై కక్ష సాధించకూడదు.
>
> కోచింగ్ సెంటర్ల నమోదు, విద్యార్థుల రక్షణపై రాష్ట్రాలు రెండు నెలల్లో నిబంధనలు తేవాలి. అమలు చూసేందుకు జిల్లా స్థాయిలో కలెక్టర్ అధ్యక్షతన కమిటీ వేయాలి.

1993లో గీసిన గీత

పద్నాలుగేళ్ల లోపు పిల్లలందరికీ ఉచితంగా, నిర్బంధంగా చదువు చెప్పించడానికి పదేళ్లలోగా ప్రయత్నించాలని 1950లో రాజ్యాంగం చెప్పింది. అంటే 1960 నాటికి ఆ పని కావాలి. కానీ ఆ మాట ఆదేశిక సూత్రాల్లో ఉంది. ప్రభుత్వం చేయకపోతే కోర్టుకెళ్లి అడిగే వీల్లేదు. 1960 పోయింది, 1980 కూడా పోయింది.

కదలిక మెడికల్ సీట్ల గొడవతో వచ్చింది. కర్ణాటకలోని తుముకూరు ప్రైవేటు మెడికల్ కాలేజీలో చేరబోయిన మేరఠ్ అమ్మాయిని ఏడాదికి 60,000 రూపాయలు కట్టమన్నారు. ప్రభుత్వ సీటు దొరికినవాళ్లకు అదే చదువు 2,000 రూపాయలు. ఆమె సుప్రీంకోర్టుకు వెళ్లింది. విద్య ప్రాథమిక హక్కేననీ, క్యాపిటేషన్ ఫీజు ఆ హక్కును కాలరాయడమేననీ 1992 జూలైలో కోర్టు ప్రకటించింది. దాంతో ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, మహారాష్ట్ర, తమిళనాడుల్లోని ప్రైవేటు కాలేజీలు ఉలిక్కిపడ్డాయి. ఆ తీర్పు సరైనదా కాదా తేల్చమని కోర్టుకెక్కాయి. న్యాయశాస్త్ర విద్యార్థులంతా చదివే ‘ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం’ కేసు అలా పుట్టింది.

1993 ఫిబ్రవరి 4న ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పిచ్చింది. అందులో కీలకమైన భాగం రాసింది తెలుగువారైన జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి. పద్నాలుగేళ్లు నిండేదాకా ఉచిత విద్య ప్రతి బిడ్డకూ ప్రాథమిక హక్కేననీ, అది జీవించే హక్కు నుంచే వస్తుందనీ తేలింది. నలభై మూడేళ్లుగా కాగితం మీద నిలిచిపోయిన వాగ్దానం కోర్టుకెళ్లి అడగగలిగే హక్కయింది. ఆ బాటలోనే 2002లో 86వ సవరణ 21ఎ అధికరణాన్ని తెచ్చింది. ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లల విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఈ దేశంలో పేదింటి పిల్లలకు జరిగిన పెద్ద మేళ్లలో అదొకటి.

అదే తీర్పులో మరో మాట ఉంది. పద్నాలుగు దాటాక చదువు హక్కు ప్రభుత్వ ఆర్థిక స్థోమతను బట్టి ఉంటుందన్నారు. అప్పటి పరిస్థితుల్లో కోర్టు అంతకు మించి చెప్పడం కష్టమే కావచ్చు. ఖజానా తాళాలు న్యాయమూర్తుల దగ్గర ఉండవు. కానీ ఆ గీత పర్యవసానం మన రెండు రాష్ట్రాల్లో ఎక్కడ పడిందో చూడండి.

పద్నాలుగు, పదిహేను అంటే తొమ్మిది, పది తరగతులు. తెలుగు నేల మీద పిల్లల నెత్తిన అసలు బరువు పడేది అప్పుడే. పదో తరగతి ముగుస్తూనే ఎంపీసీ, బైపీసీ, రెసిడెన్షియల్ క్యాంపస్, తెల్లవారుజామున మొదలయ్యే స్టడీ అవర్లు, వారాంతపు పరీక్షలు, మార్కుల వారీ సెక్షన్లు వచ్చిపడతాయి. సరిగ్గా అక్కడే చట్టం చేయి వదిలేసింది. విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధిస్తుంది. కానీ ఆ చట్టం ఎనిమిదో తరగతి దాకానే. ఎనిమిదో తరగతి పిల్లవాణ్ని అందరి ముందు నిలబెట్టి అవమానిస్తే చట్టం తప్పంటుంది. మూడేళ్ల తర్వాత ర్యాంకు తగ్గిందని అదే పిల్లవాడి పేరు మైకులో చదివి కింది సెక్షన్‌కు పంపితే, దాన్ని క్రమశిక్షణ అంటారు. బడి ఖర్చు ఎవరు భరించాలన్న ప్రశ్నకు గీసిన గీత, పిల్లల గౌరవానికి కూడా గీతైపోయింది.

2025 తీర్పు ఆ గీతను దాటింది. జీవించే హక్కుకు వయసుతో పని లేదు, ఉచిత విద్యతోనూ పని లేదు. లక్షల రూపాయలు ఫీజు కట్టి చేరిన విద్యార్థికీ అది ఉంటుంది. 1993 కేసులోనూ, 2025 కేసులోనూ ప్రతివాది ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే. తెలుగు నేల మీది చదువుల చరిత్రను ఒకనాడు రాసేవాళ్లు ఈ రెండు తీర్పులనూ పక్కపక్కన పెట్టుకుని చదవాలి.

2025 తీర్పుకు నాలుగు నెలల ముందు, మార్చి 24న, ఐఐటీ ఢిల్లీ విద్యార్థుల మరణాల కేసులో సుప్రీంకోర్టు జాతీయ స్థాయి కార్యదళాన్ని ఏర్పాటు చేసింది. దానికి అధ్యక్షులు కోర్టు మాజీ న్యాయమూర్తి జస్టిస్ ఎస్. రవీంద్ర భట్. ఆ పిల్లల తల్లిదండ్రులు కూడా ముందు పోలీస్ స్టేషన్‌లో ఎఫ్ఐఆర్ కోసమే తిరగాల్సి వచ్చింది.

కిడంగూరు బడి ప్రార్థనలో

విద్యార్థికి కావలసింది సీటూ, భద్రతా మాత్రమే కాదు. తనదైన నమ్మకం, మాట, మౌనం కూడా ఉండాలి. వాటి గురించి వచ్చిన తీర్పుల్లో నేటికీ నిలిచి వెలుగుతున్నది కేరళ కేసు.

1985 జూలై. కొట్టాయం జిల్లా కిడంగూరులోని ఎన్ఎస్ఎస్ హైస్కూల్. ఒకే ఇంటి పిల్లలు ముగ్గురు, పదో తరగతి అన్న, తొమ్మిదిలో ఒక చెల్లెలు, ఐదులో ఇంకో చెల్లెలు. యెహోవా సాక్షులు అనే క్రైస్తవ శాఖకు చెందిన కుటుంబం. రోజూ ప్రార్థనలో జనగణమన పాడేటప్పుడు ముగ్గురూ అందరితో పాటు లేచి నిలబడేవారు. పాడేవారు కాదు. దైవప్రార్థన తప్ప మరే ఆచారంలోనూ పాల్గొనకూడదన్నది వాళ్ల విశ్వాసం. అంతకు ముందు వాళ్ల అక్కలూ అలాగే నిలబడి చదువుకుని వెళ్లారు. ఎవరికీ అభ్యంతరం కలగలేదు.

ఒక ఎమ్మెల్యే కంట పడింది. అసెంబ్లీలో ప్రశ్న లేచింది. ప్రభుత్వం విచారణ జరిపించింది. పిల్లలు క్రమశిక్షణ గలవారనీ, జాతీయ గీతాన్ని ఏనాడూ అగౌరవపరచలేదనీ నివేదిక వచ్చింది. అయినా విద్యాశాఖ అధికారి చెప్పారని జూలై 26న ప్రధానోపాధ్యాయురాలు ముగ్గురినీ బడి నుంచి పంపేశారు. ప్రభుత్వం ఏదో ఒకటి తేల్చేదాకా పిల్లల్ని తరగతిలో కూర్చోనివ్వమని తండ్రి ఆమెను వేడుకున్నారు. తన చేతుల్లో లేదన్నారామె. పై నుంచి వచ్చిన మాట అందరికంటే చిన్నవాళ్ల మీద పడడం మన బళ్లలో ఇవాళా చూస్తూనే ఉన్నాం.

హైకోర్టులో రెండుసార్లు ఓడిపోయారు. సుప్రీంకోర్టులో కేసు జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి, జస్టిస్ ఎం.ఎం. దత్‌ల ముందుకొచ్చింది. చిన్నప్పరెడ్డి తెలుగువారు, అంతకు ముందు ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తిగా పనిచేశారు. 1986 ఆగస్టు 11న ఆయన రాసిన తీర్పు స్వాతంత్ర్య దినోత్సవానికి నాలుగు రోజుల ముందు వచ్చింది. జాతీయ గీతాన్ని పాడి తీరాలని ఏ చట్టమూ చెప్పడం లేదు. లేచి నిలబడడమే గౌరవం. శాఖాపరమైన ఉత్తర్వుతో పిల్లల భావప్రకటన స్వేచ్ఛనూ, మత స్వేచ్ఛనూ తీసేయలేరు. ఆ విశ్వాసం మనకు వింతగా అనిపించవచ్చు, కానీ అది నిజాయతీగా పాటిస్తున్నదైతే రాజ్యాంగం కాపాడుతుంది. పిల్లల్ని తిరిగి చేర్చుకోండి, వాళ్ల చదువుకు అడ్డు రాకండి. ఇదీ సారాంశం.

ముగ్గురు పిల్లల కోసం దేశమంతా వ్యతిరేకించగల మాట చెప్పడానికి ధైర్యం కావాలి. అల్పసంఖ్యలో ఉన్నవాళ్లకు రాజ్యాంగం కింద చోటు దొరుకుతుందా లేదా అన్నదే ప్రజాస్వామ్యానికి అసలు పరీక్ష అని ఆయన నమ్మారు. ఆ తీర్పు పరిమళం ఇంకా తగ్గలేదు. 2022 అక్టోబరు 13న కర్ణాటక హిజాబ్ కేసులో ఇద్దరు న్యాయమూర్తులు చెరో తీర్పు ఇచ్చినప్పుడు, అమ్మాయిల పక్షాన నిలిచిన జస్టిస్ సుధాంశు ధూలియా ఆధారం చేసుకున్నది కిడంగూరు కేసునే. జస్టిస్ హేమంత్ గుప్తా అంగీకరించలేదు. విస్తృత ధర్మాసనం ఏర్పాటు కోసం కేసు ప్రధాన న్యాయమూర్తి ముందుకు వెళ్లింది. కోర్టుకెక్కిన అమ్మాయిల ప్రీ యూనివర్సిటీ చదువు కాలం మాత్రం ఏనాడో ముగిసిపోయింది. విద్యార్థి జీవితం రెండు మూడేళ్లది. న్యాయం అంతకంటే ఆలస్యంగా వస్తే ఆ విద్యార్థికి అది అందనట్టే.

> నల్ల పట్టీ కట్టిన పదమూడేళ్ల అమ్మాయి
>
> 1965 డిసెంబరు, అమెరికాలోని డె మోయిన్ నగరం. వియత్నాం యుద్ధంలో చనిపోయినవారికి సంతాపంగా మేరీ బెత్ టింకర్ అనే పదమూడేళ్ల అమ్మాయి చేతికి నల్ల పట్టీ కట్టుకుని బడికి వెళ్లింది. సస్పెండ్ చేశారు. బడి గేటు దాటినంత మాత్రాన విద్యార్థులు భావప్రకటన హక్కును వదులుకోరని 1969 ఫిబ్రవరి 24న అమెరికా సుప్రీంకోర్టు 7–2 తేడాతో చెప్పింది. అమెరికా ప్రభుత్వ బళ్లలో చదువుతున్న మన తెలుగు కుటుంబాల పిల్లలకూ ఆ హక్కు వర్తిస్తుంది.

ఏ భాషలో చదవాలి?

2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 81, 85 నంబర్ల జీవోలు ఇచ్చింది. ప్రభుత్వ బళ్లలో ఇంగ్లిష్ మాధ్యమం తప్పనిసరి అంది. 2020 ఏప్రిల్ 15న హైకోర్టు ఆ రెండింటినీ కొట్టేసింది. ఏ మాధ్యమంలో చదవాలన్నది భావప్రకటన స్వేచ్ఛలో భాగమని 2014లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం కర్ణాటక కేసులో చెప్పిన మాటే దీనికీ ఆధారం.

తెలుగు మాధ్యమం పోతుందని బాధపడినవాళ్లు సంతోషించారు. తమ పిల్లలకూ ఇంగ్లిష్ కావాలని ఆశపడిన కూలీ తల్లిదండ్రులు నొచ్చుకున్నారు. ఇద్దరి బాధలోనూ న్యాయం ఉంది. ఎంచుకునే హక్కు పిల్లలదీ తల్లిదండ్రులదీ అని కోర్టు అన్నప్పుడు, రెండు మాధ్యమాలూ నాణ్యంగా నడపడం ప్రభుత్వం బాధ్యత అవుతుంది. ఒకటి మూసేసి రెండోది ఎంచుకోమంటే అది ఎంపిక కాదు.

ఫోన్, మార్కుల మెమో

కోళికోడ్ జిల్లాలోని ఒక కాలేజీ హాస్టల్లో అమ్మాయిల ఫోన్లు ముందు రాత్రి పది నుంచి, తర్వాత సాయంత్రం ఆరు నుంచి తీసేసుకునేవారు. డిగ్రీ విద్యార్థిని ఒకరు ఒప్పుకోలేదు. హాస్టల్ నుంచి వెళ్లగొట్టారు. ఇంటర్నెట్ అందుబాటు విద్యాహక్కులో, గోప్యత హక్కులో భాగమని 2019 సెప్టెంబరు 19న కేరళ హైకోర్టు జస్టిస్ పి.వి. ఆశా తీర్పిచ్చారు. ఆ విద్యార్థిని మేజర్, డిగ్రీ చదువుతుండేది. ఇంటర్ పిల్లల సంగతి వేరే అనవచ్చు. పైగా కేరళ తీర్పు మన రాష్ట్రాలను నేరుగా కట్టడి చేయదు. కానీ వారానికో పదిహేను రోజులకో ఒకసారి, అదీ వార్డెన్ పక్కన నిలబడి వింటుండగా, ఇంటికి రెండు నిమిషాలు మాట్లాడే పదహారేళ్ల పిల్ల అమ్మకు ఏం చెప్పుకోగలదు? ఆ ప్రశ్న మన కోర్టుల్లో కూడా ఎవరో ఒకరు అడగాల్సి ఉంది.

మార్కుల విషయంలో మాత్రం తీర్పు స్పష్టం. దిద్దిన జవాబు పత్రాన్ని చూసుకునే హక్కు సమాచార హక్కు చట్టం కింద విద్యార్థికి ఉందని 2011 ఆగస్టు 9న సుప్రీంకోర్టు చెప్పింది. దాని విలువ 2019 ఏప్రిల్‌లో తెలంగాణకు తెలిసివచ్చింది. ఇంటర్ ఫలితాల్లో తప్పులు దొర్లాయి. తెలుగులో 99 వచ్చిన అమ్మాయి మెమోలో సున్నా పడింది. ఫలితాల తర్వాతి రోజుల్లో ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. జవాబు పత్రం అడిగి చూసుకోవచ్చని ఫలితం రోజే ప్రతి మెమో మీదా అచ్చు వేస్తే బోర్డులకు పోయేదేముంది?

> పేరు తక్కువ, మేలు ఎక్కువ
>
> 2000: బడుల్లో బెత్తం దెబ్బలకు అనుమతించే నిబంధనలను ఢిల్లీ హైకోర్టు కొట్టేసింది.
>
> 2001: ర్యాగింగ్ నివారణకు సుప్రీంకోర్టు మార్గదర్శకాలు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1997లోనే ర్యాగింగ్ నిషేధ చట్టం చేసింది.
>
> 2012: ప్రతి బడిలో తాగునీరు, అబ్బాయిలకూ అమ్మాయిలకూ వేర్వేరు మరుగుదొడ్లు ఆరు నెలల్లో ఏర్పాటు చేయాలని సుప్రీంకోర్టు ఆదేశం.
>
> 2021: చేతివేళ్లు బిగుసుకుపోయే ఇబ్బంది ఉన్న అభ్యర్థికి, నిర్దేశిత వైకల్య శాతం లేకపోయినా, పరీక్ష రాసిపెట్టే సహాయకుణ్ని ఇవ్వాలని సుప్రీంకోర్టు తీర్పు.

గేటు బయట ఆగిపోయే తీర్పులు

ఇన్ని తీర్పులుండీ పిల్లలకు ఎందుకు అందడం లేదు? ప్రైవేటు బళ్లలో పేద పిల్లలకు 25 శాతం సీట్లు ఇవ్వాలన్న నిబంధనను 2012 ఏప్రిల్ 12న సుప్రీంకోర్టు సమర్థించింది. ఆ తర్వాత పదేళ్లకు గానీ ఆంధ్రప్రదేశ్‌లో ఆ సీట్ల భర్తీ మొదలు కాలేదు. తెలంగాణలోనూ ఏళ్ల తరబడి అమలు కాలేదు. 2012లో ఒకటో తరగతిలో చేరాల్సిన పిల్లవాడు ఆ పదేళ్లలో పదో తరగతికి వచ్చేశాడు.

సర్టిఫికెట్ల సంగతీ అంతే. విద్యార్థుల ఒరిజినల్ సర్టిఫికెట్లు అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018లో నోటిఫికేషన్ ఇచ్చింది. అవి అప్పుకు తాకట్టు పెట్టుకునే వస్తువులు కావని మద్రాసు హైకోర్టు చెప్పింది. అయినా ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు రాలేదంటూ పాసైన పిల్లల మెమోలూ టీసీలూ బీరువాల్లో పెట్టి తాళం వేయడం మన రెండు రాష్ట్రాల్లో ఏటా వినే మాట. బాకీ పడ్డది ప్రభుత్వం, ఉద్యోగం పోగొట్టుకునేది విద్యార్థి. ఇంతకు మించిన అన్యాయం చదువుల్లో మరొకటి నాకు కనిపించదు.

అడిగే గొంతు లేకపోవడం ఇంకో కారణం. విద్యార్థి సంఘాల ఎన్నికలకు లింగ్డో కమిటీ సిఫార్సులు అమలు చేయమని 2006లో సుప్రీంకోర్టు చెప్పింది. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఎన్నికలు జరుగుతున్నాయి. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో దశాబ్దాలుగా లేవు. ఇంటర్ కాలేజీల్లో పిల్లల తరఫున మాట్లాడే ఏర్పాటే లేదు. తీర్పు కాపీ పట్టుకుని ప్రిన్సిపాల్ గదిలోకి వెళ్లే మనిషి లేనిచోట తీర్పు వచ్చినా రాకపోయినా ఒకటే.

ఇంతదాకా చెప్పుకున్న తీర్పుల్లో చాలా వరకు ఒక తండ్రో, ఒక అమ్మాయో, ఒక కుర్రాడో ఇక చాలని కోర్టు మెట్లెక్కితే వచ్చినవే. కోర్టు మెట్లెక్కే స్థోమత అందరికీ ఉండదు. కానీ కాలేజీ ఆఫీసులో ప్రశ్న అడగడానికి లాయరు అక్కర్లేదు.

పిల్లల్ని చేర్పించేటప్పుడు ఏసీ గదుల గురించీ, గత ఏడాది ర్యాంకుల గురించీ అడుగుతున్నాం. ఈసారి వీటిని కూడా అడగండి. మీ కౌన్సెలర్ పేరేమిటి, అర్హత ఏమిటి, వారంలో ఏ రోజుల్లో ఉంటారు? మార్కుల వారీగా సెక్షన్లు విడదీస్తారా? మా అమ్మాయి ఇంటికి ఎప్పుడు ఫోన్ చేసుకోవచ్చు, ఎవరూ వినకుండా మాట్లాడుకోవచ్చా? ఫిర్యాదు చేయాలంటే ఎవరికి చేయాలి? జవాబు కాగితం మీద రాయించుకోండి. ఇవ్వకపోతే కలెక్టర్‌కు ఫిర్యాదు చేయండి. అది సుప్రీంకోర్టు తీర్పు మీకిచ్చిన అధికారం. ఇంకొక్క మాట. టెలి మానస్ నంబరు 14416. ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. ఇవాళే మీ పిల్లలకు ఆ నంబరు చెప్పండి. వాళ్ల స్నేహితులకు కూడా చెప్పమనండి.